వెల్స్‌లో ఒక రోజు: అమ్మానాన్నలతో వెళ్లేవాళ్లకు

మీరు అడిగింది ఇదీ. వరంగల్ నుంచి అమ్మానాన్న వచ్చారు, లండన్ తిరిగి తిరిగి అలసిపోయారు. ఎవరో బ్రిస్టల్ దగ్గరున్న వెల్స్ అనే ఊరికి, అక్కడి పాత పెద్ద చర్చి చూడ్డానికి వెళ్లమన్నారు. అంత చిన్న ఊళ్లో రోజంతా ఏం చేస్తాం? కారు లేదు, అమ్మకు మోకాళ్ల నొప్పులు, ఇద్దరూ శాకాహారులు. చర్చిలోకి మనల్ని రానిస్తారా? అదే రోజు బాత్, చెడ్డర్, స్టోన్‌హెంజ్ కూడా చూసేయొచ్చా?

చివరి ప్రశ్నకు ముందు జవాబిస్తాను. వద్దండీ, కలపొద్దు.

మేం బ్రిస్టల్‌కి వచ్చిన కొత్తలో మా అత్తగారు, మామగారు వస్తే సరిగ్గా ఈ పనే చేశాం. పొద్దున్నే స్టోన్‌హెంజ్, తర్వాత బాత్, తర్వాత వెల్స్, చీకటి పడేలోపు చెడ్డర్ అని కాగితం మీద రాసుకుని కారులో బయల్దేరాం. వెల్స్ చేరేసరికి మూడున్నర. నలభై నిమిషాల్లో చూసి వచ్చేద్దాం అన్నాను. మామగారు కారు దిగలేదు. "అన్నీ రాళ్లేగా, మీరు చూసి రండి" అన్నారు. తప్పు ఆయనది కాదు, మాదే. రెండేళ్ల తర్వాత ఆయన మళ్లీ వచ్చినప్పుడు ఒక్క వెల్స్‌కే తీసుకెళ్లాం. పదకొండింటికి లోపలికి వెళ్లిన మనిషిని సాయంత్రం ఆరు దాకా ఆ ఊళ్లోంచి కదిలించలేకపోయాం. అప్పటి నుంచి ఇంటికి ఏ చుట్టాలొచ్చినా వెల్స్ తీసుకెళ్లే పని నాదే అయింది. వెల్స్‌లో చూడాల్సినవి కొన్నే, కూర్చోవాల్సిన చోట్లే ఎక్కువ. దీన్ని గుర్తుపెట్టుకుని వెళ్తే రోజంతా ఎలా గడుస్తుందన్న బెంగ ఉండదు.

అసలు దీన్ని సిటీ అని ఎందుకంటారో ముందు అమ్మగారికి చెప్పండి, లేకపోతే బస్సు దిగగానే "ఇదేం సిటీ?" అంటారు. జనాభా పన్నెండు వేలు కూడా ఉండదేమో. లండన్ నడిబొడ్డున ఉన్న సిటీ ఆఫ్ లండన్‌ను పక్కన పెడితే ఇంగ్లండ్‌లో ఇదే అతి చిన్న సిటీ. కెథడ్రల్ ఉన్న ఊరిని సిటీ అనడం ఇంగ్లండ్‌లో పాత ఆనవాయితీ, వెల్స్‌లో కెథడ్రల్ ఉంది. కెథడ్రల్ అంటే పెద్ద చర్చి అనుకుంటాం, కానీ ఆ మాటకు మూలం కుర్చీ. బిషప్ ఆసనం ఉన్న చర్చి కెథడ్రల్. మెదక్‌లో ఉన్నది కూడా ఆ లెక్కనే కెథడ్రల్ అయింది. ఇక్కడి వెల్స్ అంటే బావులు, ఊటలు. ఉత్తరాన ఉన్న మెండిప్ కొండలు సున్నపురాయి కొండలు. వాన నీళ్లు రాతిలో ఇంకి, లోపల్లోపలే ప్రయాణించి, ఈ ఊళ్లోకొచ్చి పైకి ఉబుకుతాయి. ఆ ఊటల పక్కన గుడి వెలిసింది, గుడి చుట్టూ ఊరు వెలిసింది. మన దగ్గర కోనేరు, గుడి, నాలుగు మాడవీధులు ఎలా ఏర్పడ్డాయో తెలిసినవాళ్లకు ఇందులో కొత్తేం లేదు.

ఎలా వెళ్లాలంటే, వెల్స్‌కి రైలు లేదు. 1960లలో చిన్న లైన్లన్నీ మూసేసినప్పుడు ఇక్కడి స్టేషన్ కూడా పోయింది. లండన్ ప్యాడింగ్టన్ నుంచి బ్రిస్టల్ టెంపుల్ మీడ్స్‌కి రైల్లో రండి, అక్కడి నుంచి 376 నంబరు బస్సు. బస్సులోనే గంటకు పైగా పడుతుంది. బాత్ మీదుగా కూడా బస్సులున్నాయి. వెళ్లేది ఏ రూట్లో అయినా వచ్చే ముందు రోజు టైములు మళ్లీ చూసుకోండి, ముఖ్యంగా తిరుగు బస్సు. ఒకసారి మా చెల్లెలి కుటుంబంతో వెళ్లి, సాయంత్రం బస్సు ఉంటుందిలే అన్న ధీమాతో ఉండి, చివరికి బ్రిస్టల్ దాకా టాక్సీ కట్టించుకోవాల్సి వచ్చింది. ఆ బిల్లు గురించి మా ఇంట్లో ఇప్పటికీ మాట్లాడుకోం. వీలైతే ఒక రాత్రి అక్కడే ఉండండి. పగలు గుంపులుగా వచ్చినవాళ్లు ఐదింటికల్లా వెళ్లిపోతారు, ఆ తర్వాత ఊరు వేరుగా ఉంటుంది.

బస్టాండు నుంచి కెథడ్రల్‌కి పది నిమిషాల నడక, పెద్ద ఎత్తుపల్లాలు లేవు. హై స్ట్రీట్‌లో వెళ్తుంటే అమ్మగారిని కిందికి చూడమనండి. రోడ్డు పక్క కాలవలో నీళ్లు పారుతుంటాయి. మురుగు కాదు, ఊట నీళ్లు. 1451లో బెకింగ్టన్ అనే బిషప్ తన కోటలోని ఊటల నుంచి మార్కెట్ దాకా గొట్టాలు వేయించి ఊరివాళ్లకు నీళ్లిచ్చాడు. ప్రతిగా ఊరి పెద్దలు ఏటా ఆయన సమాధి దగ్గరికి వచ్చి ఆయన ఆత్మ కోసం ప్రార్థించాలన్నది ఒప్పందం. ఆ సమాధి కెథడ్రల్‌లోనే ఉంది, దాని సంగతి తర్వాత చెబుతాను. మార్కెట్ చౌక్‌లోనే నేల మీద ఇంకొకటి వెతకండి. ఈ ఊరి అమ్మాయి మేరీ రాండ్ 1964 టోక్యో ఒలింపిక్స్‌లో 6.76 మీటర్లు దూకి లాంగ్‌జంప్‌లో స్వర్ణం, ప్రపంచ రికార్డు సాధించింది. ఆ దూరం ఎంతో పేవ్‌మెంట్ మీదే గుర్తు పెట్టారు. మా మామగారు అడుగులు వేసి కొలిచి, నమ్మలేక రెండోసారి కొలిచారు.

మార్కెట్ మూల నుంచి ఒక రాతి కమాను కిందుగా కెథడ్రల్ పచ్చిక మీదికి వెళ్లాలి. దాని పేరు పెనీలెస్ పోర్చ్, అంటే చేతిలో చిల్లిగవ్వ లేనివాళ్ల వాకిలి. బిచ్చగాళ్లు అక్కడ కూర్చునేవాళ్లు. కమాను దాటగానే ఎదురుగా పడమటి గోడ కనిపిస్తుంది. అక్కడ ఆగండి. ఫొటోలు తర్వాత, ముందు బెంచీ మీద కూర్చోండి.

ఆ గోడ నిండా మనుషులే. రాజులు, బిషప్పులు, సాధువులు, పైన దేవదూతలు. మధ్యయుగం నాటి విగ్రహాలు దాదాపు 300 ఇంకా మిగిలున్నాయి. ఖాళీ గూళ్లు కూడా చాలా కనిపిస్తాయి. కాలం తినేసినవి కొన్నైతే, 1685లో రాజు మీద తిరగబడ్డ సైనికులు పగలగొట్టినవి కొన్ని. వాళ్లే పైకప్పు సీసం ఊడదీసి తూటాలు పోసుకున్నారని, లోపల గుర్రాలు కట్టేశారని చెబుతారు. ఒకప్పుడు ఈ విగ్రహాలన్నిటికీ రంగులుండేవి. విగ్రహాల వెనక గోడలో చిన్న చిన్న రంధ్రాలున్నాయి, కింది నుంచి చూస్తే తెలియవు. ఈస్టర్‌కు ముందు ఆదివారం, అంటే మట్టలాదివారం నాడు, ఊరేగింపు బయటి నుంచి వస్తుంటే, లోపల దాక్కున్న గాయకులు ఆ రంధ్రాల్లోంచి పాడేవాళ్లు. కింద ఉన్నవాళ్లకు రాతి దేవదూతలే పాడుతున్నట్టు వినిపించేది.

మీది వరంగల్ కాబట్టి నాన్నగారికి ఇంకో మాట చెప్పండి. ఈ కెథడ్రల్ కట్టడం మొదలైంది 1175 ప్రాంతంలో. వేయిస్తంభాల గుడి 1163. రామప్ప 1213. అక్కడ రేచర్ల రుద్రుడి శిల్పులు నల్లరాతిని అద్దంలా చెక్కుతున్న రోజుల్లోనే ఇక్కడ సోమర్‌సెట్ తాపీపనివాళ్లు ఈ పసుపు రాయిని చెక్కుతున్నారు. ఒకళ్ల ఊసు ఒకళ్లకు తెలియదు. మామగారు మొదటిసారి "అన్నీ రాళ్లేగా" అన్నప్పుడు ఈ సంగతి చెప్పే తీరిక నాకు లేకపోయింది.

రానిస్తారా అంటే, నిరభ్యంతరంగా. ఏ మతమని ఎవరూ అడగరు, చెప్పులు విప్పక్కర్లేదు, చీర, పంచె ఏదైనా ఫరవాలేదు. మగవాళ్లు టోపీ ఉంటే తీసేస్తే మర్యాద. పగలు చూడ్డానికి టిక్కెట్టు ఉంటుంది, ప్రార్థనకు వచ్చేవాళ్లకు ఉండదు. ఎండాకాలంలో అయినా లోపల చల్లగా ఉంటుంది, అమ్మగారికి శాలువా పెట్టుకెళ్లండి. పెద్ద పండగలకు, కచేరీలకు కొన్ని భాగాలు మూసేస్తారు కాబట్టి కెథడ్రల్ వెబ్‌సైట్‌లో ఆ రోజు సంగతి ఒకసారి చూసుకోవడం మంచిది. బాత్రూములు ప్రవేశం దగ్గర కెఫే పక్కనే ఉన్నాయి. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకు ముందు తెలియాల్సింది ఇదే కదా.

లోపలికి అడుగుపెట్టగానే ఎదురుగా ఉండేదాన్ని చూసి అందరూ ఇది ఈ మధ్య కట్టారా అని అడుగుతారు. కమాను మీద కమాను తలకిందులుగా పెట్టినట్టు, పెద్ద రాతి ఢమరుకం నిలబెట్టినట్టు ఉంటుంది. రెండు పక్కలా రెండు గుండ్రటి కన్నాలు, గుడ్లగూబ కళ్లలా. అందం కోసం కట్టింది కాదది, భయంతో కట్టింది. 14వ శతాబ్దం మొదట్లో మధ్య గోపురాన్ని ఇంకా ఎత్తు పెంచారు. కింద నేల ఆ బరువు మోయలేక ఒక పక్కకు దిగడం మొదలైంది, గోడలు బీటలిచ్చాయి. విలియం జాయ్ అనే మేస్త్రి 1338లో మొదలుపెట్టి పదేళ్లలో మూడు వైపులా ఈ కత్తెర కమానులు కట్టి బరువును పక్క స్తంభాలకు పంచాడు. ఏడొందల ఏళ్లకు దగ్గర పడుతోంది, గోపురం ఇంకా కదల్లేదు. నాన్నగారు ఇల్లు కట్టించిన మనిషైతే దీని ముందు అరగంట నిలబడతారు. కుర్చీలున్నాయి, కూర్చోబెట్టండి.

ఇక గడియారం. దీని కోసం నిమిషం చూసుకుని వెళ్లాలి, ఎందుకంటే ప్రతి పావుగంటకే ఆట. ఉత్తరం వైపు గోడ మీద ఉంటుంది, 1390 ప్రాంతపుది. పైన చిన్న కోట చుట్టూ గుర్రపు వీరులు తిరుగుతూ పోట్లాడుకుంటారు. ప్రతిసారీ దెబ్బ తిని వెనక్కి వాలేది ఒకే వీరుడు. ఆరొందల ఏళ్లుగా పావుగంటకోసారి ఓడిపోతున్నాడు పాపం. పక్కన పైన కూర్చున్న బొమ్మ పేరు జాక్ బ్లాండిఫర్, మడమలతో గంటలు తంతాడు. పిల్లలంతా వీటినే చూస్తారు. నాన్నగారిని మాత్రం గడియారం పళ్లెం చూడమనండి. బయటి వలయంలో 24 గంటలు, బంగారు సూర్యుడు దాని మీద తిరుగుతుంటాడు. నడిమధ్య భూమి. అప్పటివాళ్ల లెక్కలో తిరిగేది సూర్యుడే. లోపలి వలయం చంద్రుడిది, అమావాస్య నుంచి ఎన్నో రోజో చెబుతుంది. పంచాంగం చూసే అలవాటుంటే ఆ రోజు తిథి చూసుకుని రమ్మనండి. మా మామగారు శుద్ధ ఏకాదశి నాడు వెళ్లి సరిపోయిందో లేదో చూసుకుని, అక్కడున్న వాలంటీరు ముసలాయనకు వచ్చీరాని ఇంగ్లీషులో ఏకాదశి అంటే ఏమిటో చెప్పారు. ఇద్దరూ ఇరవై నిమిషాలు మాట్లాడుకున్నారు, ఏ భాషలోనో నాకు తెలియదు. 2010 దాకా ఆ గడియారానికి చేత్తోనే కీ ఇచ్చేవాళ్లు. మొట్టమొదటి యంత్రం మాత్రం ఇక్కడ లేదు, లండన్ సైన్స్ మ్యూజియం వాళ్ల దగ్గరుంది.

దక్షిణం వైపు స్తంభాల తలల మీద చెక్కినవి వదలొద్దు. పంటి నొప్పితో నోరు లాక్కుంటున్న మనిషి ఒకడు. కాలిలో ముల్లు తీసుకుంటున్నవాడు ఒకడు, మన గుళ్లలో ముల్లు తీసుకునే సాలభంజికలను చూసినవాళ్లకు నవ్వొస్తుంది, ఇక్కడ మాత్రం మామూలు రైతు. ద్రాక్షపళ్ల దొంగల కథ ఒక స్తంభం చుట్టూ నడుస్తుంది. ఇద్దరు పళ్లు కోస్తుంటారు, తోటవాడు చూస్తాడు, పట్టుకుంటాడు, నెత్తి మీద ఒక్కటేస్తాడు. చుట్టూ తిరిగి చూడాలి, ఒక్క చోట నిలబడితే కథ సగమే దొరుకుతుంది.

బెకింగ్టన్ సమాధి చెబుతానన్నాను కదా. రెండంతస్తుల మంచంలా ఉంటుంది. పైన నిండు బిషప్ దుస్తుల్లో ఆయన విగ్రహం. కింద ఆయనదే కుళ్లిపోయిన శవం బొమ్మ. బతికుండగానే చేయించుకున్నాడు. ఊరికి నీళ్లిచ్చిన మనిషి, కోటల్లో బతికిన మనిషి. కొంతమంది పెద్దవాళ్లకు ఇలాంటివి చూడటం నచ్చదు, మా అత్తగారు మొహం తిప్పుకున్నారు. అమ్మగారి మనసు ఎలాంటిదో మీకే తెలుసు.

చాప్టర్ హౌస్‌కి, అంటే కెథడ్రల్ మతగురువులు సమావేశమయ్యే గదికి, వెళ్లే మెట్లు చాలా అందమైనవి, మోకాళ్లకు మాత్రం పనికిరావు. శతాబ్దాల పాదాలు అరగదీసి, అలల్లా వంకరపోయాయి. అమ్మగారిని కింద నుంచి చూడమనండి, మెట్ల అందమంతా కింది నుంచే కనిపిస్తుంది. మీరూ నాన్నగారూ పైకెళ్లండి. ఎనిమిది మూలల గది, మధ్యలో ఒకటే స్తంభం, దానిలోంచి 32 రాతి కమ్మలు తాటిచెట్టు మట్టల్లా విచ్చుకుని కప్పును మోస్తాయి.

భోజనం. నేనైతే పులిహోర, పెరుగన్నం డబ్బాల్లో పెట్టుకెళ్తాను, పచ్చిక మీద కూర్చుని తింటాం, ఎవరూ ఏమీ అనరు. శుభ్రంగా తీసేసి వస్తే చాలు. కొనుక్కోవాలంటే ఉడికించిన బంగాళాదుంప మీద బీన్స్, చీజ్ వేసిచ్చే జాకెట్ పొటాటో ఏ కెఫేలోనైనా దొరుకుతుంది. చెడ్డర్ చీజ్ పుట్టిల్లు ఇక్కడికి దగ్గరే, మార్కెట్లో రుచి చూడమని ముక్కలిస్తారు. ఇక్కడ జాగ్రత్త. పాత పద్ధతి చెడ్డర్‌లో పాలు విరగడానికి దూడ పొట్టలోంచి తీసిన పదార్థం వాడతారు. కచ్చితమైన శాకాహారులైతే 'శాకాహారులకు తగినది' అని రాసి ఉన్నదే అడగండి. సాయంత్రం టీతో స్కోన్, జామ్, చిక్కటి మీగడ తప్పకుండా తినిపించండి. మా అత్తగారికి ఇంగ్లండ్‌లో నచ్చిన తిండి అదొక్కటే.

మధ్యాహ్నం బిషప్ ప్యాలెస్. లోపలికి వేరే టిక్కెట్టు. మొత్తం తిరగలేకపోతే బయట అగడ్త చుట్టూ ఉన్న దారే చాలు, చదునుగా ఉంటుంది, డబ్బు లేదు. ఈ గోడలూ అగడ్తా శత్రురాజుల కోసం కట్టినవి కావు, 14వ శతాబ్దంలో ఊరివాళ్లతో గొడవపడ్డ బిషప్ ర్యాల్ఫ్ కట్టించుకున్నాడు. గేటు దగ్గర కిటికీ కింద ఒక గంటకు తాడు వేలాడుతుంటుంది. హంసలు ఈదుకుంటూ వచ్చి, ముక్కుతో తాడు లాగి గంట కొట్టి తిండి అడుగుతాయి. 19వ శతాబ్దం నుంచి ఉన్న అలవాటు. పిల్ల హంసలు పెద్దవాటిని చూసి నేర్చుకుంటాయి. మీరు వెళ్లిన రోజు కొడతాయని హామీ ఇవ్వలేను, నేను నాలుగుసార్లు చూశాను, చాలాసార్లు చూడలేదు. లోపలి తోటలోకి వెళ్తే ఊటలు కనిపిస్తాయి. అడుగున ఇసుక కదులుతూ నీళ్లు పైకి ఉబకడం, ఆ నీళ్లలోనే కెథడ్రల్ నీడ. అమ్మగారు కోనేటి మెట్ల మీద కూర్చునే మనిషైతే ఈ టిక్కెట్టు దండగ కాదు.

అక్కడి నుంచి వికార్స్ క్లోజ్. కెథడ్రల్‌లో పాడే మగవాళ్ల కోసం అదే బిషప్ ర్యాల్ఫ్ 1348లో కట్టించడం మొదలుపెట్టిన వీధి. రెండు పక్కలా ఒకే తీరు ఇళ్లు, పొడవాటి పొగగొట్టాలు. ఇప్పటికీ గాయకులు అందులో కాపురముంటున్నారు, కాబట్టి కిటికీల్లోకి తొంగి చూడొద్దు. ఈ వీధిలో ఒక గమ్మత్తుంది. పైకి వెళ్లే కొద్దీ వీధి ఇరుకవుతుంది, అందుకే కింది నుంచి చూస్తే ఉన్నదానికంటే పొడుగ్గా అనిపిస్తుంది. పై కొసకు వెళ్లి వెనక్కి చూస్తే పొట్టిగా కనిపిస్తుంది. నాన్నగారిని ఆ కొసకు పంపి అమ్మగారి దగ్గర మీరు నిలబడండి, ఇద్దరూ ఫోన్లో వాదించుకుంటారు.

టైమ్ మిగిలితే గ్లాస్టన్‌బరీ వెళ్దామనిపిస్తుంది, అదే 376 బస్సు వెళ్తుంది. అక్కడి కొండ మోకాళ్లకు కుదరదు, వదిలేయండి. చెడ్డర్ కూడా ఇంకో రోజుకు.

సాయంత్రం మాత్రం ఈవెన్‌సాంగ్‌కి, అంటే గాయకులు పాడే సాయంకాల ప్రార్థనకు, ఉండండి. మామూలు రోజుల్లో ఐదు దాటాక, ఆదివారం ముందుగానే ఉంటుంది, టైము వెబ్‌సైట్‌లో ఇస్తారు. స్కూలు సెలవుల్లో ఇక్కడి పిల్లల గాయకబృందం ఉండదు, అది కూడా చూసుకోండి. ముప్పావుగంట. టిక్కెట్టు లేదు, ఎవరైనా కూర్చోవచ్చు, పాడక్కర్లేదు. అందరూ లేచినప్పుడు లేవండి, మోకాళ్లు సహకరించకపోతే కూర్చునే ఉండొచ్చు. ఫోన్ పూర్తిగా ఆపేయండి. ఇక్కడ అబ్బాయిలు 10వ శతాబ్దం మొదటి నుంచి పాడుతున్నారంటారు, అమ్మాయిలను 1994లో చేర్చుకున్నారు. మాట అర్థం కాకపోయినా ఆ పిల్లల గొంతులు రాతి కప్పుకు తగిలి తిరిగొచ్చేటప్పుడు మా అత్తగారు కళ్లు మూసుకుని కూర్చున్నారు. బయటికొచ్చాక "మన ఊళ్లో సంధ్యవేళ భజన లాగుంది" అన్నారు, అంతే.

బయటికొచ్చేటప్పటికి వేసవిలో ఇంకా వెలుతురుంటుంది. పొద్దున చూసిన గోడ పడమటి వైపుది కదా, అసలు ఎండ దాని మీద పడేది అప్పుడే. పసుపు రాయి బెల్లం రంగుకు తిరుగుతుంది. పొద్దున తీయని ఫొటోలు అప్పుడు తీసుకోండి.

ఏ రోజు వెళ్లాలంటే, బుధవారం గానీ శనివారం గానీ చూసుకోండి, మార్కెట్ ఉండేది ఆ రెండు రోజులే. నేనైతే బుధవారమే అంటాను, జనం తక్కువ. బ్రిస్టల్‌లో తొమ్మిదిన్నర ప్రాంతంలో బస్సు ఎక్కితే పదకొండింటి గడియారం ఆట అందుకోవచ్చు.